పెయింటర్ ఇంటికి పెయింటర్ పోతే

నల్ల గౌను, దాని మీద రంగురంగుల పూల ఎంబ్రాయిడరీ, పారిస్‌ల కుట్టించిన గౌనట అది, ముఖంల మాత్రం "ఏందీ, మల్ల అను" అన్నట్టు జర కోపం. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీల ఉన్న ఈ బొమ్మను జాన్ ఎవరెట్ మిలే 1879ల ఏసిండు. బొమ్మలున్నామె పేరు లూయీస్ జోప్లింగ్, ఆమె సుత పెయింటరే, అది కూడా మిలే లెక్కనే పోర్ట్రెయిట్లు ఏసి బతికే పెయింటర్.

ఆ కోపం సంగతి ఆమెనే 1925ల వచ్చిన తన జ్ఞాపకాల్ల రాసుకున్నది. మొదలు ఆమె మంచిగ తయారై, తనకు తెలిసిన అన్నిట్ల అందమైన ముఖం పెట్టుకొని నిలవడేదట. పెట్టుకోదా మరి, పొద్దంత తన ముంగట కూసున్నోళ్లు పెట్టే ముఖాలన్నీ సూసిన మనిషాయె. కానీ మిలే గదిల ఏదో మాట మీద మాట వచ్చి ఈమెకు చర్రుమన్నది, పెట్టుకున్న ముఖం మర్చిపోయింది, మిలే గదే పట్టుకొని కాన్వాస్ మీద ఏసేసిండు. ఇప్పుడు నూటా నలభై ఏండ్లు దాటినంక సుత ఆమె అట్లనే చురచుర సూస్తున్నది.

నాకు ఈ ముచ్చట ఎందుకు నచ్చిందంటే, నేను నల్గొండల ఒక ప్రైవేట్ స్కూల్ల డ్రాయింగ్ టీచర్‌ను, సాయంత్రం పూట పోర్ట్రెయిట్లు ఏస్త. నా దగ్గరికి వచ్చేటియి ఎక్కువ ఫోన్ల ఫోటోలు. "మేడం మా నాయనది గీ ఒక్కటే ఫోటో ఉన్నది, పెండ్లిల ఎవలో తీసిండ్రు, ఎనుక ఉన్న మనుషులను తీసేసి, భుజం మీద కండువా ఏసి, జర నవ్వు పెట్టున్రి" అంటరు. నవ్వు పెట్టుడు అంటే ఏందో ఏసేటోళ్లకు తెలుస్తది, పెదవి కొసలు లేపితే సరిపోదు, కండ్ల కింద చర్మం సుత కదలాలె, లేకుంటే ఎలక్షన్ ఫ్లెక్సీల లీడర్ ముఖం తయారైతది. గందుకే ఎదురుంగ మనిషి నిలవడి, మాట్లాడుతుంటే ముఖం మారి, ఆ మారిన ముఖం దొరికిందంటే నాకు కుళ్ళు పుడ్తది.

ఇగ లూయీస్ సంగతి. 1843ల మాంచెస్టర్‌ల పుట్టింది, 17 ఏండ్లకే పెండ్లి. మొదటి భర్తకు పారిస్‌ల కొలువుంటే అక్కడ రోత్‌షీల్డ్ అనే పెద్ద బ్యాంకుల ఖాందాన్ దొరసాని ఈమె గీసిన బొమ్మలు సూసి నువ్వు నేర్చుకోవాలె అని ఎగదోసిందట, చార్ల్స్ షాప్లాఁ అనే పెయింటర్ దగ్గర చేరింది. తర్వాత ఆ సంసారం చెడింది, లండన్‌కు వచ్చి పిల్లలను పెట్టుకొని బ్రష్ మీద బతికింది. 1874ల జో జోప్లింగ్‌ను చేసుకున్నది, ఆయన వాటర్‌కలర్ పెయింటర్, మిలేకు మంచి దోస్తు. అట్ల లండన్‌ల పెద్ద పెద్ద పెయింటర్ల దర్వాజలు ఆమెకు తెరుచుకున్నయి.

ఈ దర్వాజల సంగతి ఉత్తగ చెప్తలేను. ఆ కాలంల లండన్‌ల ఆడోళ్లకు పెయింటింగ్ నేర్చుకునే జాగలు తక్కువ. పెయింటర్ల పెద్ద సంస్థ రాయల్ అకాడమీ, దాని స్కూల్ల 1860 దాక ఒక్క అమ్మాయి లేదు. ఆ ఏడు లారా హెర్‌ఫర్డ్ అనే ఆమె తన బొమ్మల మీద పూర్తి పేరు రాయకుంట ఇంటి పేరు ముంగట పొడి అక్షరాలే పెట్టి పంపింది, మొగోడనుకొని సీటిచ్చిండ్రు, తర్వాత ఎనుకకు తీసుకునేటందుకు రూల్ దొరకలేదు. లోపటికి వచ్చినంక సుత మనిషి ఒంటిని సూసి గీసే క్లాసుకు ఆడపిల్లలను రానియ్యలేదు. 1893ల గానీ ఒప్పుకోలేదు, అది సుత మోడల్ నడుముకు గుడ్డ చుట్టినంకనే. మరి మొగపిల్లలు ఏండ్లకు ఏండ్లు క్లాసుల కూసొని నేర్చుకున్నది లూయీస్ అసోంటోళ్లు ఏడ నేర్చుకోవాలె? ఇంకొకల్ల స్టూడియోలనే. చాయ్ తాగనీకి పోయినట్టే పోయి, ఈసెల్ ఏడ పెట్టిండు, కిటికీకి పరదా ఎంత దాక జరిపిండు, పలక మీద రంగులు ఏ వరుసల పెట్టుకున్నడు, గివి కండ్లతోని ఎత్తుకొని రావాలె. ఆమె మనసుల గిదే ఉండెనో లేదో గానీ, ఏ పెయింటరైనా ఇంకో పెయింటర్ గదిల అడుగు పెడ్తె గోడ మీది బొమ్మల కంటె ముందుగాల గివే సూస్తడు, రాసిస్త కావాల్నంటే.

విస్లర్ దగ్గరికి సుత పోయేది. విస్లర్ అమెరికా మనిషి, చెల్సీల ఉండేటోడు, ఆదివారం బ్రేక్‌ఫాస్ట్‌కు పిలిస్తె మద్యాహ్నం 12కు పిలుస్తడు, పోయినోళ్లు ఆకలితోని కూసుంటే ఆయన ఇంక తానమే చేస్తుంటడు, తర్వాత వచ్చి వాళ్ళ దేశం తీరు గోధుమరంగు అట్లు ఏసి పెడ్తడు. గీ విస్లర్ 1877ల లూయీస్ బొమ్మ ఏసిండు, నిలువెత్తు బొమ్మ, రెండు గంటల్లోపే ఏసిండని ఆమెనే చెప్పింది. ఇప్పుడు గ్లాస్గోల హంటేరియన్ అనే మ్యూజియంల ఉన్నది.

రెండు గంటలంటే విస్లర్ స్పీడు మనిషి అనుకునేరు, ఆగున్రి. దానికి కొన్నేండ్ల ముందు సిసిలీ అలెగ్జాండర్ అనే చిన్నపిల్లను ఏసిండు. 70 సిట్టింగులు! చిన్న పోరి, మస్లిన్ గౌను ఏసుకొని, చేతుల టోపీ పట్టుకొని, గంటలకు గంటలు నిలవడి నిలవడి ఏడ్చేదట. దూరం నుంచి ఉరికొచ్చి ఒక గీటు కొట్టుడు, మల్ల ఎనుకకు పోయి సూసుడు, నచ్చకుంటే సాయంత్రానికి మొత్తం గీకి పారేసుడు, తెల్లారి మల్ల మొదటికి. అప్పుడే థామస్ కార్లైల్ అనే పెద్ద రచయిత సుత విస్లర్ ముంగట కూసునేటోడు. ఒకనాడు ఆయన బయటికి పోతుంటే ఈ పిల్ల లోపటికి వస్తున్నది, ఎవలని అడిగి తెలుసుకొని "అయ్యో, పాపం పిల్ల" అన్నడంట. కూసునే కష్టం ఏందో కూసున్నోనికే ఎరుక.

అదే మనిషి, అదే గది, ఒకరికి 70 సార్లు, ఒకరికి రెండు గంటలు. ఇది నాకు మస్తు రోజులు తెగలేదు. నాకైతే ఇప్పుడు ఏమనిపిస్తదంటే, లూయీస్ ఎట్ల నిలవడాల్నో తెలిసిన మనిషి. కాన్వాస్ అవతలి దిక్కు ఏం జరుగుతున్నదో ఆమెకు తెలుసు, ఏ నిమిషంల కదలొద్దో, ఏ నిమిషంల కదిలినా ఫరక్ పడదో తెలుసు. పిల్లకు అది తెల్వది, తెలిసే వయసు కాదు. గది నా ఊహ, విస్లర్ చెప్పింది కాదు.

మా మేనమామ గడియారం సెంటర్ దగ్గర బోర్డులు రాసే షాపు నడిపేటోడు, ఫ్లెక్సీలు రాకముందు. దుకాణాల బోర్డులు, నంబర్ ప్లేట్లు, గోడ రాతలు, ఎలక్షన్లస్తే రెండు పార్టీలకు ఆయన చేతే. లీడర్ల ముఖాలు ఏయాల్నంటే చిన్న ఫోటో మీద పెన్సిల్‌తోని గళ్ళు కొట్టి, గోడ మీద సుద్ద దారం పట్టి టప్పున కొడ్తె అవే గళ్ళు పెద్దగ పడేటియి, ఒక్కో గడిల ఎంతుందో అంతే ఎక్కించుకుంట పోవుడు. వేరే పెయింటర్ షాపులకు వస్తె మామ మర్యాదకు చాయ్ తెప్పిస్తడు గానీ చేసే పని మీద ఒక పాత పేపర్ కప్పుతడు. ఏం మామా గిట్ల చేస్తవంటే, "బిడ్డా, ఆడు చాయ్ కోసం రాలే, నేను నీడకు ఏ రంగు కలుపుతున్ననో సూడనీకి వచ్చిండు" అనేటోడు. అట్ల అనేటోడే మల్ల హైదరాబాద్ పోయినప్పుడు సినిమా కటౌట్లు ఏసే కాడ పొద్దంత నిలవడి, ముక్కు పక్క నీడకు నలుపు కాదు, నీలం పెడ్తున్నరని సూసొచ్చిండు. వచ్చిన వారం నుంచి మా నల్గొండ లీడర్లందరికీ ముక్కు పక్క నీలం.

విక్టోరియా రాణి కాలం లండన్‌ల ఈ పేపర్ కప్పుడు లేకుండె, కనీసం ఏడాదికి ఒక్క ఆదివారం. రాయల్ అకాడమీ ఎగ్జిబిషన్ మేల మొదలైతది, దానికి బొమ్మలు పంపే ఆఖరు తారీకుకు ముందొచ్చే ఆదివారం పెయింటర్లందరూ స్టూడియోలు తెరిచి పెట్టేటోళ్లు. దాన్ని షో సండే అంటరు. గుర్రబ్బండ్లు కట్టుకొని జనం ఒక్క పొద్దుల పది ఇండ్లు తిరిగేటోళ్లు, ఒకకాడ చాయ్, ఇంకోకాడ కేకు. అకాడమీ మెంబర్లకు ఇంకో ఆదివారం వేరేగ, అండ్ల సుత పెద్దోళ్లు చిన్నోళ్లు అనే తేడానే. జనంల కొనేటోళ్లుంటరు, పేపరోళ్లుంటరు, పని లేనోళ్లు ఎక్కువుంటరు, ఇగ వాళ్ళల్ల కలిసి పక్కింటి పెయింటర్ సుత వచ్చి "బాగుంది బాగుంది" అనుకుంట కాన్వాస్ దగ్గరికి వంగి సూసిపోతడు. ఎట్లాగూ పూర్తయిన బొమ్మ కాబట్టి మామ భయపడ్డట్టు నీడల రంగు దొంగతనం కాదు, అయినా సూసే కన్నుంటే తడి ఆరని కాడ తెలిసిపోతది.

అందరూ తెరిచెటోళ్లేం కాదు. రోసెట్టి అని ఇంకొకాయన, చేన్ వాక్‌ల ఇల్లు, అకాడమీకి బొమ్మలు పంపడు, ఈ ఆదివారం తమాషాల దిక్కు రాడు. ఇంటి ఎనుక తోటల ఆస్ట్రేలియా నుంచి వచ్చే వోంబాట్ అనే జంతువును, నెమళ్లను సాదుకునేటోడు. నెమళ్లు అరిచిన అరుపులకు చుట్టుపక్కలోళ్లు తట్టుకోలేక, ఆ తర్వాత ఆ వీధి ఇండ్ల కిరాయి కాగితాల్ల నెమళ్లు సాదొద్దని షరతు రాసిండ్రంట.

అన్నిట్ల గొప్ప ఇల్లు మాత్రం ఫ్రెడరిక్ లేటన్‌ది, హాలండ్ పార్క్ రోడ్డుల, ఇప్పుడది మ్యూజియం. 1860లల మొదలు పెట్టి, తర్వాత డమాస్కస్ దిక్కు నుంచి తెచ్చిన టైల్స్‌తోని అరబ్ హాల్ కట్టుకుండు, నడుమల నీళ్ల ఫౌంటెన్. పైన పెద్ద స్టూడియో, ఉత్తరానికి పెద్ద కిటికీ. ఇంత ఇంట్ల పడకగది ఒక్కటే, ఎవలినీ రాత్రి ఉండమనే తరీఖ లేదు. ఇంకోటి, మోడళ్లు వచ్చి పోయేటందుకు వేరే దర్వాజ, వేరే మెట్లు. పెద్దమనుషులు ముంగట నుంచి ఫౌంటెన్ సూసుకుంట వస్తరు, బొమ్మల దేవతలయ్యే అమ్మాయి మాత్రం ఎనుక మెట్లెక్కి వస్తది. మన దిక్కు దొరల గడీలల్ల పనోళ్లకు ఎనుక దర్వాజ ఉండె సూడున్రి, గట్లనే. లేటన్ మంచోడే, తోటి పెయింటర్లకు మస్తు సాయం చేసిండు, అవన్నీ నిజమే గానీ ఆ మెట్ల సంగతి చదివినప్పటి నుంచి నాకు ఆ టైల్స్ మీద మోజు తగ్గింది.

లేటన్ పక్కిల్లే వాల్ ప్రిన్సెప్‌ది. పాలమూరోళ్లు ఇది జర ఇనున్రి. ఈయన సుత పెయింటరే, పుట్టింది కలకత్తాల. 1877 జనవరిల ఢిల్లీల విక్టోరియాను హిందుస్తాన్ మహారాణి అని చాటింపు ఏసే దర్బార్ పెట్టిండ్రు గదా, దాని బొమ్మ ఏయమని ప్రభుత్వం పంపింది గీ ప్రిన్సెప్‌నే. రాజులను ఒక్కొక్కల్లను కూసోబెట్టుకొని ముఖాలు గీసుకుంట తిరిగి, లండన్ పోయి గోడంత పెద్ద కాన్వాస్ మీద అందరినీ ఎక్కించిండు. ఆ దర్బార్‌కు మన హైదరాబాద్ నుంచి సాలార్‌జంగ్ ఎంబడి పదేండ్ల పిల్లగాడు నిజాం హోదాల పోయిండు. మీర్ మహబూబ్ అలీ ఖాన్. పాలమూరును తర్వాత ఎవరి పేరు మీద మహబూబ్‌నగర్ చేసిండ్రో గా పిల్లగాడే. మనకేమో లండన్ స్టూడియోల ముచ్చట్లంటే సముద్రం అవతలి కథలనిపిస్తది, ఆ వీధిల ఒక పెయింటర్‌కేమో మన నిజాం దర్బార్‌ల కూసున్న మనిషి.

ఇగ పైసల కాడికొద్దం, పోర్ట్రెయిట్ అంటేనే పైసల పని. మిలే ప్యాలెస్ గేట్ దగ్గర పెద్ద బంగళా కట్టిండు, పాలరాతి మెట్లు, నీళ్ల ఫౌంటెన్. కార్లైల్ బొమ్మ ఏయించుకోనీకి పోయినప్పుడు ఇదంతా సూసి, "ఇదంతా రంగులు ఏసుడు మీదనే వచ్చిందా" అని అడిగిండట. అవునంటే, "అయితే లోకంల నేననుకున్న దానికంటె ఎక్కువ మంది పిచ్చోళ్లున్నరు" అన్నడట. 1883ల లూయీస్ ఒక పోర్ట్రెయిట్ పని కోసం ఆశ పడ్డది, 150 గినీలకు ఏస్తనన్నది, గినీ అంటే పౌండు కంటె జర ఎక్కువ. ఆ పని మిలేకు పోయింది, 1000 గినీలకు. తక్కువకే వస్తున్నదని ఈమెకు ఇయ్యలే, ఎక్కువైనా సరే అని ఆయనకిచ్చిండ్రు. ఆయనంటే ఆమె కొడుక్కు పేరు పెట్టిన గాడ్‌ఫాదర్, ఆమె బొమ్మ ఏసిన దోస్తు. దోస్తు అని పని వదులుకుంటడా, వదులుకోడు. ఆమె కూడా ఆయనింటికి పోవుడు బంద్ చేసినట్టు నేనేడా చదవలే. నేనైతే ఆరు నెల్లు మాట్లాడకపోదును. మన దగ్గర ఒక పెండ్లి బోర్డు పని అటు నుంచి ఇటు మారితే సుత ఇద్దరు పెయింటర్లు ఒక హోటల్ల చాయ్ తాగరు.

మరుసటి ఏడే, 1884ల, ఆమె భర్త జో చనిపోయిండు. 1887ల మూడో పెండ్లి చేసుకున్నది, అదే ఏడు ఆడపిల్లల కోసం తనే పెయింటింగ్ స్కూలు పెట్టింది. మోడల్‌ను ఎదురుంగ పెట్టుకొని గీసుడు అక్కడ మొదటి సంది పాఠమే. అకాడమీ ఒప్పుకునేసరికి ఆమె పిల్లలు కొన్నేండ్ల పని చేసేసిండ్రు. 1901ల రాయల్ సొసైటీ ఆఫ్ బ్రిటిష్ ఆర్టిస్ట్స్‌ల చేరిన మొదటి ఆడమనిషి ఆమెనే. రాయల్ అకాడమీ మాత్రం ఆమెను మెంబర్ చేయలే, 1768ల మొదలైనప్పుడు ఇద్దరు ఆడోళ్లుండె, మల్ల పూర్తి మెంబర్‌గ ఎన్నికైన ఆడమనిషి లారా నైట్, 1936ల. లూయీస్ 1933లనే పోయింది.

నేను ఈ చదివినవాటిల్లకెల్లి నా పనికి పట్టుకొచ్చుకున్నది రెండు. ఒకటి ఉత్తరం కిటికీ. లండన్‌ల ఉత్తరం దిక్కు నుంచి ఎండ నేరుగ పడదు, పొద్దంత ఒక్కతీరు వెలుగు, నీడ జరగదు. కాకపోతే చలికాలం పొగమంచు వస్తే పట్టపగలే దీపాలు పెట్టుకొని, పెయింటర్లు పని బంద్ చేసి కూసునేటోళ్లు. మన నల్గొండల ఇంకో తకరారు, మే రెండో వారం నుంచి ఆగస్టు మొదలు దాక మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి పోతడు, అప్పుడు ఉత్తరం కిటికీల నుంచి సుత ఎండ లోపటికి వస్తది. ఆ మూడు నెలలు పాత తెల్ల చీర పరదా కట్టుడే, వేరే తొవ్వ లేదు.

రెండోది ఎత్తు. అప్పటి స్టూడియోలల్ల బొమ్మ ఏయించుకునే మనిషికి అడుగు, అడుగున్నర ఎత్తున చెక్క దిమ్మె ఏసి దాని మీద కుర్చీ పెట్టేటోళ్లు. ఎందుకంటే పెయింటర్ నిలవడి ఏస్తడు, కూసున్న మనిషిని పై నుంచి సూస్తే నుదురు పెద్దగ, గదుమ చిన్నగ కనిపిస్తది, భుజాలు కుంగినట్టైతయి. దిమ్మె ఎక్కిస్తే కండ్లకు కండ్లు సమానం. సార్జెంట్ అనే పెయింటర్ కాన్వాస్‌ను కూసున్న మనిషి పక్కనే పెట్టి, దూరం పోయి రెండింటినీ ఒక్కసారే సూసి, నడిచొచ్చి ఒక గీటు, మల్ల ఎనుకకు, పొద్దంత గిట్లనే మైళ్ళకు మైళ్ళు నడిచేటోడు. ఈ పద్ధతికి సుత దిమ్మె అక్కరకొస్తది.

ఇది చదివి స్కూల్ల పాత బల్ల ఒకటి అడుక్కొచ్చి ముందర్రల ఏసి, మీద కుర్చీ పెట్టి, పక్కింటి అవ్వను బతిమాలిన, ఫోటో చూసి కాదు నిన్ను చూసే ఏస్త రా అవ్వా అని. వచ్చింది, బల్లను కింది నుంచి మీది దాక సూసింది. "దాని మీద నుంచి పడ్డనంటే నా నడుము నువ్వు కడ్తవా?" అన్నది, కింద చాప మీదనే కాళ్లు చాపుకొని కూసొని దస్తీల మూట ఇప్పి ఆకు ఏసుకున్నది. ఇగ నేనే ఈసెల్ కాళ్లు మడిచి, పీట ఏసుకొని కిందికి దిగిన. రెండు గంటలైతే పట్టలే, ముక్కు ఒక్కదానికే పొద్దుగూకింది, అవ్వ మాత్రం పొద్దంత వాళ్ళ కోడలి మీద కోపం తోనే ఉన్నది, కనుక ముఖం మంచిగొచ్చింది.